కరెంటు బిల్లు – ఇంటి లెక్క

పొదిలి పరిసర గ్రామములయందలి కర్షకునకు రొక్కము చేతికి వచ్చునది సంవత్సరమున ఒకటి రెండు మారులు మాత్రమే. మిరపకాయలు కల్లమున ఎండి గుంటూరు యార్డున అమ్ముడైన పిమ్మట, పత్తి తీసి తూకము వేసిన పిమ్మట, పొగాకు బేళ్లు పొదిలి వేలము కేంద్రమున కొనుగోలైన పిమ్మట సొమ్ము కంటబడును. కరెంటు బిల్లు అట్లు కాదు. పంట పండినను, ఎండినను అది నెలనెలకును గుమ్మములోనికి వచ్చును. ఆదాయము ఏటికొకమారు, వ్యయము నెలకొకమారు అగుటచే చిన్న మొత్తమే యైనను అది సంసారమునకు బరువగుచున్నది.

విత్తనములకును ఎరువులకును సంఘమున తీసికొన్న అప్పు విషయమున మన సభ్యులు మిక్కిలి జాగరూకులు. పాసుపుస్తకము చూచి, వడ్డీ ఎన్ని దినములకు కట్టిరో అడిగి, పైసతో సహా సరిచూచుకొందురు. ఆ సభ్యులే కరెంటు బిల్లు వచ్చినపుడు అడుగుననున్న మొత్తమును మాత్రము చూచి, మరల పెరిగినదని నిట్టూర్చి చెల్లించుచున్నారు. బిల్లును ఒక ఖాతాగా చదువుట నేర్చినచో అందు మనము తగ్గించుకొనదగినది ఎంత, తప్పుగా వచ్చినది ఎంత, తప్పించుకొన వీలుకానిది ఎంత అను మూడును విడివిడిగా తెలియును. ఈ మూటిని కలిపివేయుటచేతనే జనులు కోపపడవలసినచోట ఊరకుండి, ఊరకుండదగినచోట కోపపడుచున్నారు.

మొదట యూనిటు అననేమో స్పష్టముగా తెలియవలెను. వేయి వాట్ల పనిముట్టు ఒక గంటసేపు పనిచేసినచో ఖర్చగు విద్యుత్తు ఒక యూనిటు. నూరు వాట్లదైనచో పది గంటలకు ఒక యూనిటగును. పనిముట్టుపై వ్రాసియున్న వాట్లను గంటలచే గుణించి వేయిచే భాగించిన యూనిట్లు వచ్చును. ఇంతకు మించిన గణితము ఈ వ్యాసమున లేదు.

ఈ లెక్కతో మన యిండ్లను ఒకమారు చూతము. పాతరకపు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లది. దినమునకు 12 గంటలు తిరిగిన నెలకు 27 యూనిట్లు. వేసవిలో మూడు ఫ్యానులు తిరుగు ఇంట ఇవియే 81 యూనిట్లు. పెరటి బోరునకు గల ఒక గుర్రపు శక్తి మోటారు, నష్టములతో కలిపి, గంటకు ఇంచుమించు ఒక యూనిటు తినును. దినమొక గంట నడిచిన నెలకు 30. మన ప్రాంతమున భూగర్భజలము లోతునకు పోయినందున పెద్ద మోటారులు దింపినవారికి ఇది ఇంకను హెచ్చు. తొట్టి నిండి పొర్లుచుండగా మోటారు కట్టుట మరచిన అరగంట, నీటి నష్టమే కాక అర యూనిటు నష్టము కూడ. దీపముల సంగతి చెప్పనవసరము లేదు. 60 వాట్ల పాత బల్బు ఆరు గంటల చొప్పున నెలకు 10.8 యూనిట్లు కాల్చినచోట 9 వాట్ల ఎల్‌ఇడి దీపము 1.62 యూనిట్లతో సరిపెట్టును. ఈ మార్పు మన గ్రామములలో చాలవరకు జరిగిపోయినది. కావున ఇపుడు దీపములు ఆర్పుడని పిల్లలను గద్దించుటవలన మిగులునది స్వల్పము.

మిగులు గలచోటు వేరొకటి యున్నది. అది వేడినీరు. ఇరువది లీటర్ల బకెట్టు నీటిని 25 డిగ్రీలనుండి 45 డిగ్రీల వరకు కాచుటకు ఇంచుమించు అర యూనిటు పట్టును. నలుగురు స్నానము చేయు ఇంట హీటరు కడ్డీతో కాచిన దినమునకు రెండు, నెలకు అరువది యూనిట్లు. ఈ సంఖ్య చూచి ఆశ్చర్యపడనివారు అరుదు. పత్తికట్టె, కందికంప చేలగట్లమీద కుప్పలుపడియుండు మన ప్రాంతమున, పెరటిలో కాగు క్రింద వానిని మండించుకొనుట మాని, నీటికై విద్యుత్తు కాల్చుట ఎందులకో తెలియదు. వంటయింటి సంగతి వేరు. అచ్చట కంప పొగ ఆడువారి కన్నులకును ఊపిరితిత్తులకును చేటు. వంటకు గ్యాసే మేలు. అర్హతగల కుటుంబములకు సంవత్సరమునకు మూడు బండలు ఉచితముగా ఇచ్చు దీపం-2 పథకము 2024 నవంబరు 1న ప్రారంభమైనది. ఆరుబయట కాగు క్రింది కట్టెకును, గదిలోని పొయ్యి కట్టెకును గల భేదమును గమనింపవలెను.

ఇక ధరల సంగతి. 2022 ఏప్రిలు 1 నుండి ఆంధ్రప్రదేశమున గృహములకు అమలునకు వచ్చిన ధరలివి: మొదటి 30 యూనిట్లకు రూ. 1.90 చొప్పున, 31 నుండి 75 వరకు రూ. 3.00, 76 నుండి 125 వరకు రూ. 4.50, 126 నుండి 225 వరకు రూ. 6.00, 226 నుండి 400 వరకు రూ. 8.75, ఆ పైన రూ. 9.75. ఇవికాక మంజూరైన లోడు కిలోవాటుకు నెలకు రూ. 10 స్థిరరుసుము, యూనిటుకు 6 పైసల విద్యుత్ సుంకము కలియును. ఇవి మెట్లవంటివి. 126వ యూనిటు కాల్చినంతమాత్రమున మొదటి యూనిట్ల ధర పెరుగదు. ఆ ఒక్క యూనిటుకే రూ. 6.00 పడును. ఈ విషయమున చాలమందికి భ్రమ గలదు.

కావున 90 యూనిట్ల ఇంటికి విద్యుత్ ధర రూ. 259.50. 250 యూనిట్ల ఇంటికి రూ. 1,235.75. యూనిట్లు మూడురెట్లు కాకముందే ధర దాదాపు అయిదురెట్లగుటకు కారణము ఈ మెట్లే. పొదుపు చేయువాడు తెలిసికొనవలసినది సగటు ధర కాదు, తన చివరి యూనిటు ధర. పాత ఫ్యాను స్థానమున 30 వాట్ల బి.ఎల్‌.డి.సి. ఫ్యాను పెట్టిన నెలకు 16 యూనిట్లు తగ్గును. 250 యూనిట్ల ఇంట ఆ తగ్గుదల విలువ సుమారు రూ. 141. 90 యూనిట్ల ఇంట రూ. 71 మాత్రమే. ఫ్యాను ధర మూడువేలనుకొన్న, సంవత్సరమంతయు తిరిగినచో మొదటివానికి ఇరువదియొక్క నెలలలో పెట్టుబడి తీరును, రెండవవానికి మూడున్నర సంవత్సరములు పట్టును. అమ్మువాడు ఇద్దరికిని ఒకే మాట చెప్పును.

బిల్లు తప్పుగా వచ్చుటకు ముఖ్యకారణము మీటరు కాదు, రీడింగు. 2020లో జరిగినదానిని సభ్యులు మరచియుండరు. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను విధింపబడుటచే ఏప్రిలులో మీటరు చూచువారు ఇండ్లకు రాలేదు. వెనుకటి నెల మొత్తమునుబట్టి చెల్లించుటకు ఏర్పాటు జరిగెను. మే నెలలో రెండు నెలల రీడింగు ఒక్కసారిగా తీసిరి. బిల్లులు చూచి రాష్ట్రమంతట జనులు కలవరపడిరి. యూనిట్లను నెలలకు పంచియే లెక్క కట్టితిమని పంపిణీ సంస్థలు చెప్పెను. వేసవియు, అందరును ఇండ్లలోనే యుండుటయు వాడుకను పెంచిన మాట నిజమే. కాని అప్పటి పద్ధతిలో నెల వాడుకనుబట్టి మూడు తరగతులుండి, తరగతి మారిన మొదటి యూనిటునుండియే ధర మారెడిది. అందుచే ఏ నెలకు ఎన్ని యూనిట్లు వ్రాసిరను ప్రశ్న నాడు మిక్కిలి విలువైనదయ్యెను. దానికి రుజువుతో సమాధానము చెప్పగలిగినవారు తమ మీటరు అంకెను తాము వ్రాసిపెట్టుకొన్న కొలదిమంది మాత్రమే. ఆ తరగతులు 2022లో తొలగింపబడెను గాని ప్రశ్న తొలగలేదు.

నేటి ధరలతో ఒక లెక్క చూడుడు. దినమునకు 4 యూనిట్లు వాడు ఇంటికి 30 దినములకు 120 యూనిట్లు, ధర రూ. 394.50. రెండు నెలలకు రూ. 789. ఆ 60 దినములను ఒకే నెలగా కట్టి 240 యూనిట్లకు బిల్లు వ్రాసినచో రూ. 1,148.25. వాడుకలో మార్పు లేకయే రూ. 359.25 అధికము. ఇది ఊరకుండదగిన భేదము కాదు. అదే రీడరు అయిదు దినములు ఆలస్యముగా వచ్చి, 35 దినములకు ఒక బిల్లును, తరువాత 25 దినములకు ఒక బిల్లును వ్రాసినచో రెంటి మొత్తము రూ. 811.50. భేదము రూ. 22.50. దీనికై పని మానుకొని ఆఫీసు చుట్టు తిరుగుట పొదుపు కాదు. పంపిణీ సంస్థపై గల కోపమంతయు ఈ రెండవదానిపై ఖర్చుచేసి, మొదటిది వచ్చినపుడు ఊరకుండువారిని ఎరుగుదుము.

బిల్లులో వాడుక ధర క్రింద మరికొన్ని పంక్తులు కనబడుచున్నవి. ట్రూ-అప్ అనియు, ఇంధన సర్దుబాటు అనియు వీనికి పేరులు. విద్యుత్తు కొనుటకు అంచనా వేసినదానికంటె సంస్థకు ఎక్కువ ఖర్చైనచో, ఆ భేదమును విద్యుత్ నియంత్రణ మండలి అనుమతితో తరువాత వసూలు చేయుదురు. 2022–23 సంవత్సరపు సర్దుబాటుగా అనుమతింపబడిన రూ. 6,072 కోట్లు 2024 డిసెంబరు నుండి వాయిదాలలో వసూలునకు వచ్చినవి. ఇట్టి సర్దుబాటు ఈ నెల వాడుకపై కాక ఆనాటి ఆ నెలలో కాల్చిన యూనిట్లపై లెక్కింపబడును. కావున ఈ నెల ఫ్యానులు ఆపినను ఆ పంక్తి తగ్గదు. అద్దె యిండ్లలో పాత కాపురమువారి వాడుకకు క్రొత్తవారు చెల్లించుటయు ఇందుచేతనే. ఇల్లు అద్దెకు ఇచ్చువారును పుచ్చుకొనువారును ఈ విషయము ముందుగనే మాటలాడుకొనవలెను. నాటి యూనిట్లు సరిగా వ్రాసిరా లేదా అని చూచుకొనుటకు నాటి బిల్లు కావలెను. కనుక బిల్లులను కనీసము మూడు సంవత్సరములు దాచుడు. ఇప్పటి బిల్లుల సిరా కొలది నెలలకే వెలిసిపోవును. అంకెలను పుస్తకమున ఎక్కించుట గాని, ఫోనుతో చిత్రము తీయుట గాని అవసరము.

ఈ పంక్తులు తప్పింపరానివని అనుకొనుట కూడ సరికాదు. 2014–19 మధ్యకాలపు సర్దుబాటుగా రూ. 3,669 కోట్లు వసూలు చేయుటకు నియంత్రణ మండలి 2021 ఆగష్టులో అనుమతించెను. ప్రజలకు తగిన ప్రకటన ఇచ్చి విచారణ జరుపలేదని ఉన్నత న్యాయస్థానమున ప్రశ్న రాగా, ఆ ఉత్తరువు ఉపసంహరింపబడెను. అంతకుముందు వసూలైన సొమ్ము తరువాతి బిల్లులలో సర్దబడెను. మండలి జరుపు బహిరంగ విచారణలకు ఎవరైనను వ్రాతమూలకముగా ఆక్షేపణ పంపవచ్చును. పెద్ద పరిశ్రమలవారు వకీళ్లను పెట్టి పంపుచుందురు. కర్షక సంఘముల కాగితములు అచ్చట తక్కువగా కనబడుట శోచనీయము.

ఇపుడు చేయవలసిన పనికి వత్తము. రెండు రూపాయల నోటుపుస్తకమైనను చాలును. నెలనెలకు ఒకే తేదీన, ఒకే వేళకు, మీటరుపై కేడబ్ల్యుహెచ్ అని కనబడు అంకెను వ్రాయుడు. మీటరు తెరపై వోల్టేజి, ఆంపియరు, గరిష్ఠ లోడు మొదలగు అంకెలు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండును. తొందరపడి వేరొక అంకెను వ్రాసిన లెక్క చెడును. రీడరు వచ్చిన దినమున మరల ఒకమారు చూచి, బిల్లులోని ప్రస్తుత రీడింగు, గత రీడింగు, తేదీలు, మీటరు స్థితి అను నాలుగింటిని సరిచూడవలెను. మీటరు స్థితి యన్నచోట ఇల్లు తాళము అనియో, మీటరు పనిచేయుట లేదనియో యుండినచో ఆ బిల్లు చూచి వ్రాసినది కాదు, అంచనా. ఈ పుస్తకము ఇల్లాలి చేతనుండుట మేలని మా అభిప్రాయము. పురుషుడు చేనికి పోయిన వేళనే రీడరు వచ్చును.

మీటరు వేగముగా తిరుగుచున్నదని అనుమానమున్నచో ఇంట చేయదగిన పరీక్ష యొకటి గలదు. ఎలక్ట్రానికు మీటరుపై 3200 వంటి ఒక సంఖ్య వ్రాసియుండును. అనగా యూనిటుకు అందలి ఎర్రదీపము 3200 మారులు మినుకుమనును. మీటరునకు ఇవతల ఇంటి మెయిను స్విచ్చి ఆపివేసినపుడు ఆ దీపము మినుకుమనరాదు. మినుకుమనుచున్నచో తీగలో కారుటయో, మన మీటరునుండి వేరొక ఇంటికి తీగ పోవుటయో జరిగియుండవచ్చును. తరువాత వేయి వాట్ల హీటరు కడ్డీ ఒక్కదానినే నీటిలో నుంచి వేసిన నిమిషమునకు సుమారు 53 మారులు మినుకుమనవలెను. ఇందొక చిక్కు గలదు. 230 వోల్టులు ఉండవలసినచోట సాయంకాలము 200 మాత్రమే వచ్చినచో అదే కడ్డీ 756 వాట్లు మాత్రమే లాగును, దీపము 40 మారులే మినుకుమనును. అది మీటరు తప్పు కాదు, నీరు కూడ ఆలస్యముగానే కాగును. సీలు తాకరాదు, మూత విప్పరాదు. ఇంతకు మించిన పరీక్ష సంస్థవారు చేయవలసినది.

అభ్యంతరమును నోటితో చెప్పిన నిలువదు. పొదిలి ప్రాంతమునకు 2020 ఏప్రిలు నుండి విజయవాడ కేంద్రముగాగల ఏ.పి.సి.పి.డి.సి.ఎల్‌. సంస్థ పంపిణీదారు. 1912 అను సంఖ్యకు ఫోను చేసిన ఫిర్యాదు నమోదగును. ఆ నమోదు సంఖ్యను పుస్తకమున వ్రాసికొని, స్థానిక సహాయ ఇంజనీరునకు సర్వీసు సంఖ్యతో అర్జీ ఇచ్చి నకలుపై సంతకము పుచ్చుకొనవలెను. అచ్చట తీరనిచో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికయు, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మనును గలరు. ఇవి 2003 విద్యుత్ చట్టము 42వ విభాగమున ఏర్పడినవి.

ఆ చట్టమందే 56వ విభాగము కర్షకుడు కంఠస్థము చేయదగినది. బాకీకై సరఫరా ఆపుటకు ముందు వ్రాతమూలకముగా పదునైదు దినముల గడువు నోటీసు ఇయ్యవలెను. బిల్లుపై తగవున్నపుడు, అభ్యంతరము తెలుపుచు, అడిగిన మొత్తమును గాని, లేక గడచిన ఆరు నెలల సగటు మొత్తమును గాని చెల్లించినవానికి తగవు తీరువరకు సరఫరా ఆపరాదు. రెండు సంవత్సరములు గడచిన పాత బాకీని, అది అప్పటినుండి బిల్లులలో ఎడతెగక చూపబడుచున్ననే తప్ప, వసూలు చేయరాదు. 2020 డిసెంబరు 31న కేంద్రప్రభుత్వము ప్రకటించిన వినియోగదారుల హక్కుల నియమములు, అసాధారణ పరిస్థితులలో తప్ప, వరుసగా రెండు బిల్లులకు మించి అంచనా బిల్లులే వచ్చినచో నిజమైన రీడింగుతో బిల్లు ఇచ్చువరకు చెల్లింపు నిరాకరింపవచ్చుననుచున్నవి. రీడింగుపై ఫిర్యాదు చేసిన అయిదు దినములలో రెండవ మీటరు పెట్టి పోల్చి చూడవలెనని 2024లో చేర్చిరి. అయినను నిరాకరించుటకంటె సగటు మొత్తము చెల్లించి రసీదుపై అభ్యంతరముతో అని వ్రాయించుకొనుటయే మేలు. పరీక్షల దినములలో పిల్లలు చీకటిలో కూర్చుండగా హక్కు ఎవరిదని వాదించుట కష్టము.

కరెంటు పోవుటకై జనులు కొను సాధనములను గూర్చి రెండు మాటలు. 12 వోల్టుల, 150 ఆంపియరు-గంటల బ్యాటరీలో లెక్కకు పట్టునది 1.8 యూనిట్లు మాత్రమే. నింపుటలోను తీయుటలోను చాలభాగము నష్టమగును. అది రెండు ఫ్యానులకును నాలుగు దీపములకును సరి. ఫ్రిజ్జి, మోటారు దానికి తగిలింపరాదు. ఇక ఇంటికప్పుపై సూర్యఫలకములు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున ఒక కిలోవాటుకు రూ. 30,000, రెంటికి రూ. 60,000, మూడు లేక అంతకు మించినదానికి రూ. 78,000 రాయితీ నిర్ణయింపబడినది. మన ఎండలో ఒక కిలోవాటు దినమునకు సుమారు 4 యూనిట్లు ఇచ్చును. 250 యూనిట్ల ఇంటికి నెలకు సుమారు రూ. 788 తగ్గును. రాయితీ పోను నలువదివేలు మన చేతినుండి పడినదనుకొన్నను నాలుగేండ్లకు పైచిలుకులో తీరును. 90 యూనిట్ల ఇంటికి బిల్లంతయు పోయినను నెలకు రూ. 259 మాత్రమే మిగులును, పెట్టుబడి తీరుటకు పదుమూడేండ్లు కావలెను. అట్టివారు దీనికై అప్పు చేయరాదని నిస్సందేహముగా చెప్పుదుము. మరియొకటి: బ్యాటరీ లేని ఫలకములు లైనులో కరెంటు పోయినపుడు తామును ఆగిపోవును. స్తంభముపై పనిచేయువాని ప్రాణము కాపాడుటకు అట్లు ఏర్పాటుచేసిరి. ఎండ కాయుచుండగా ఫ్యాను ఆగినదని పిదప దుఃఖించుటకంటె ఈ సంగతి ముందే అడిగి తెలిసికొనుట మంచిది.

విద్యుత్తునకు సహకార సంఘములు క్రొత్తవి కావు. సిరిసిల్లలో 1970 ప్రాంతమునుండి సభ్యుల సంఘమే ఇండ్లకును మగ్గములకును పొలములకును విద్యుత్తు పంపిణీ చేసినది. మన సంఘములు అంత చేయనక్కరలేదు. ఎరువుల పంపిణీ దినమున సభ్యులు ఎట్లును ఆఫీసునకు వత్తురు. ఆనాడు తమ పుస్తకములు తెచ్చినచో, ఒకే వీధిలోని నాలుగైదు ఇండ్ల బిల్లులను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును. ఒక్క ఇంట తప్పు రీడింగైనచో అది ఆ ఇంటి తగవు. వీధియంతటను దినముల సంఖ్య నలువది దాటియున్నచో అందరి సంతకములతో ఒకే అర్జీ పోవలెను.

పైరు కోతలు ముగిసినపిదప పనికై హైదరాబాదు, బెంగుళూరు పోవు కుటుంబములు తాళము వేయుటకు ముందు మెయిను స్విచ్చి ఆపి, మీటరు అంకెను తేదీతో చిత్రము తీసికొని, పొరుగువారికి తెలిపి పోవలెను. మీటరు ఇంటి లోపలి గోడకున్నచో దానిని వెలుపలి వసారాకు మార్పించుటకు ముందుగనే దరఖాస్తు పెట్టుట యుక్తము. తిరిగి వచ్చిన దినముననే మరల అంకె వ్రాసి, మధ్య నెలల అంచనా బిల్లులతో పోల్చి, ఎక్కువ చెల్లించినచో తరువాతి బిల్లులో సర్దుడని అర్జీ ఇయ్యవలెను.